కావలి బోర్డుకు హెచ్‌డబ్ల్యుమాన్ డ్రైవర్: పేర్లు కుదిరేదాకా ప్రాజెక్టు డైరీ

విజయవాడలో మా మేడ మీద గదిలో ఒక ఇనప పెట్టె ఉంది. అందులో 12 వోల్టుల బ్యాటరీ, రాస్ప్‌బెర్రీ పై 3 అనే అరచేతంత కంప్యూటర్, రూటర్, గాలికి ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను. పెట్టె వేడి, బ్యాటరీ వేడి, వోల్టేజీ, కరెంటు, ఫ్యాను వేగం కొలిచే చిన్న బోర్డు నేనే కట్టాను. దాని పేరు కావలి. దానికి లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) డ్రైవర్‌ను, అంటే బోర్డు కొలతలను కంప్యూటరుకు అందించే ప్రోగ్రామును, రాస్తూ పెట్టుకున్న లెక్క ఇది. హెచ్‌డబ్ల్యుమాన్ అంటే వేడి, వోల్టేజీ, ఫ్యాను లాంటి కొలతలను చూసుకునే కెర్నెల్ విభాగం. ఇలాంటిదే మీరు కట్టుకోబోతుంటే 4వ దశ నుంచి తప్పకుండా చదవండి, నా సమయం ఎక్కువగా పోయింది అక్కడే.

ఫైళ్ల పేర్లు, కమాండ్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. మధ్యలో ఉన్న కింది గీత మాత్రం గీతగానే ఉండాలి.

దశ 1: వైర్లు, బస్సు (మే 2–3)

వాడినవి: 3.3 వోల్టుల, 8 మెగాహెర్ట్జ్ ప్రో మినీ అనే మైక్రోకంట్రోలర్ బోర్డు (₹260), వేడిని కొలిచే 10 కిలో ఓమ్ ఎన్‌టీసీలు రెండు (₹50), షంట్ (కరెంటు కొలిచే చిన్న రెసిస్టర్) వోల్టేజీని పెంచే చిన్న యాంప్లిఫయర్ బోర్డు (₹180), నాలుగు పిన్నుల ఫ్యాను (₹650), రెసిస్టర్లు, చిల్లుల బోర్డు, వైర్లు (₹140). రాస్ప్‌బెర్రీ పై నా దగ్గర ముందే ఉంది.

ప్రో మినీని ఐ2సీ బస్సు (చిప్పులు మాట్లాడుకునే రెండు తీగల దారి) 1 మీద హెక్స్ (పదహారు అంకెల లెక్క) 42 చిరునామాలో పెట్టాను. ఇక్కడ రెండు చిక్కులు వచ్చాయి.

1. వెయ్యి సార్లు చదివితే 37 సార్లు తప్పు విలువ వచ్చింది, లేదా ఎర్రర్ వచ్చింది. ప్రో మినీలోని ఏవీఆర్ చిప్పు జవాబు సిద్ధం చేసుకునేదాకా క్లాక్ తీగను కిందికి పట్టి ఉంచుతుంది. రాస్ప్‌బెర్రీ పై చిప్పులోని ఐ2సీ హార్డ్‌వేర్‌కు దాన్ని సరిగ్గా గౌరవించలేని పాత లోపం ఉంది. బస్సు వేగాన్ని (బాడ్ రేటు) 100 కిలోహెర్ట్జ్ నుంచి 10కి దించాను. మళ్లీ వెయ్యి చదివితే తప్పులు సున్నా. సెకనుకు ఒకసారి చదివే బోర్డుకు ఆ వేగం ధారాళంగా సరిపోతుంది.

2. గదిలో 31.2 డిగ్రీలుంటే 1433.7 అని వచ్చింది. ప్రో మినీ లోపల నడిచే నా ప్రోగ్రాము (ఫర్మ్‌వేర్) డిగ్రీలో పదో వంతు లెక్కన 312ను, అంటే హెక్స్ 0138ను, పెద్ద బైటు ముందు పెట్టి పంపుతోంది. ఐ2సీ మీద వాడే ఎస్ఎంబస్ పద్ధతిలో చిన్న బైటు ముందు రావాలి. తారుమారైన 3801 అంటే 14337. ఎల్ఎం75 లాంటి పాత ఉష్ణోగ్రత చిప్పులు కూడా పెద్ద బైటే ముందు పంపుతాయి కాబట్టి కెర్నెల్‌లో బైట్లు మార్చి చదివే ఫంక్షన్ సిద్ధంగానే ఉంది: ఐ2సీ_ఎస్ఎంబస్_రీడ్_వర్డ్_స్వాప్డ్. అదే వాడాను.

లెక్క (ప్రతి దశలోనూ మొదటి రోజు నుంచి కలిపిన మొత్తం): 9 గంటలు. ఖర్చు ₹1,280.

దశ 2: సొంత పేర్లతో తొలి డ్రైవర్ (మే 5–6)

కెర్నెల్ తన విలువలను ఫైళ్లుగా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆరు ఫైళ్లు పెట్టాను: పెట్టె_వేడి, బ్యాటరీ_వేడి, బ్యాటరీ_వోల్ట్, కరెంట్, వాట్స్, ఫ్యాన్_స్పీడ్. ఫైలులో ఉన్నది చూపించే క్యాట్ కమాండు కొడితే అన్నీ సరైన అంకెలే చూపించాయి. అన్ని చిప్పుల కొలతలూ చూపించే సెన్సర్స్ కమాండు కొడితే మాత్రం బోర్డు పేరు కింద ఒక్క వరుసా రాలేదు.

కారణం కనిపెట్టడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ కమాండు వాడుకునే లిబ్‌సెన్సర్స్ అనే లైబ్రరీకి ఒక్కో చిప్పు గురించి విడిగా ఏమీ తెలియదు. స్లాష్ సిస్ స్లాష్ క్లాస్ స్లాష్ హెచ్‌డబ్ల్యుమాన్ కింది డైరెక్టరీల్లోని ఫైళ్ల పేర్లను చదివి, పేరును బట్టే ఏది వేడి, ఏది వోల్టేజీ, దాన్ని ఎంతతో భాగించాలి అని నిర్ణయించుకుంటుంది. పేరులో మూడు ముక్కలుంటాయి: రకం, నంబరు, కింది గీత తర్వాత గుణం. టెంప్1_ఇన్‌పుట్ అంటే మొదటి ఉష్ణోగ్రత, ఇప్పుడున్న విలువ. టెంప్1_మ్యాక్స్ దాని పై హద్దు. టెంప్1_అలారమ్ ఆ హద్దు దాటిందా లేదా అన్నది. ఈ అచ్చులో లేని పేరును లైబ్రరీ పట్టించుకోదు.

లెక్క: 14 గంటలు. డ్రైవర్ 410 వరుసలు. సెన్సర్స్‌లో కనబడేవి 0/6.

దశ 3: నంబరు ఎక్కడ మొదలు (మే 7)

పేర్లన్నీ మార్చాను. సీ భాష అలవాటు కొద్దీ అన్నిటినీ 0 నుంచి మొదలుపెట్టాను: టెంప్0, టెంప్1, ఇన్0 (వోల్టేజీ), కర్0 (కరెంటు), పవర్0, ఫ్యాన్0. సెన్సర్స్‌లో ఇన్0, టెంప్1 మాత్రమే వచ్చాయి.

హెచ్‌డబ్ల్యుమాన్‌లో వోల్టేజీ 0 నుంచి, మిగతావి 1 నుంచి. డేటాషీట్లలో వోల్టేజీ పిన్నులకు ఎక్కువగా 0 నుంచే నంబర్లు ఉండటం వల్ల వచ్చిన తేడా ఇది. పెట్టె మూత తెరిచారని చెప్పే ఇంట్రూషన్ కూడా 0 నుంచే మొదలవుతుంది.

చేత్తో దిద్దబోయి ఆగిపోయాను. ఫైళ్ల పేర్లు డ్రైవర్ రాయాల్సిన పనే లేదని అప్పుడు తెలిసింది. 2016లో కెర్నెల్ 4.9తో డ్రైవర్ తనను నమోదు చేసుకునే ఒక కొత్త పద్ధతి వచ్చింది, దాని పేరు విత్_ఇన్ఫోతో ముగుస్తుంది. డ్రైవర్ చెప్పాల్సింది ఇంతే:

1. ఏ రకం ఛానెళ్లు ఎన్ని ఉన్నాయి, ఒక్కోదానికి ఏ గుణాలున్నాయి.
2. ఈజ్_విజిబుల్ ఫంక్షన్‌లో ఏది చదవడానికే, ఏది రాయడానికి కూడా.
3. రీడ్, రైట్ ఫంక్షన్లు.

పేర్లను, నంబర్లను హెచ్‌డబ్ల్యుమాన్ కోర్ తానే పుట్టిస్తుంది. 0 ఎక్కడ, 1 ఎక్కడ అన్నది కూడా దాని పనే. అక్షరదోషం దొర్లే చోటే ఉండదు. నేను మొదట రాసిన పద్ధతిని ఏదో పాత ఉదాహరణ చూసి ఎత్తాను. కొత్త డ్రైవర్‌కు అది వద్దు.

లెక్క: 20 గంటలు. డ్రైవర్ 265 వరుసలకు తగ్గింది. కనబడేవి 6/6.

దశ 4: పేరు సరిపోయింది, విలువే తప్పు (మే 9–12)

ఆరూ కనబడగానే పని అయిపోయిందనుకున్నాను. అసలు చిక్కు అక్కడ మొదలైంది. పేరు తప్పయితే ఫైలు కనబడదు, అంతటితో పోతుంది. పేరు సరిగ్గా ఉండి దాని వెనక ఉన్న అర్థం తప్పయితే మాత్రం ప్రతి ప్రోగ్రామూ దాన్ని నమ్ముతుంది. ఈ దశలో దొరికిన తప్పులన్నీ ఆ రెండో జాతివే.

పవర్. మల్టీమీటరు లెక్కన 12.6 వోల్టులు, 1.43 ఆంపియర్లు, అంటే 18 వాట్లు. సెన్సర్స్ 18 మిల్లీవాట్లు అంటోంది. మిల్లీవోల్టు, మిల్లీ ఆంపియర్ చూసి పవర్ కూడా మిల్లీవాట్లే అయి ఉంటుందనుకున్నాను. కాదు. గోడకు అంటించుకోవాల్సిన ప్రమాణాలు ఇవి:

ఇన్: మిల్లీవోల్టు
టెంప్: డిగ్రీ సెల్సియస్‌లో వెయ్యో వంతు
కర్: మిల్లీ ఆంపియర్
పవర్: మైక్రోవాట్
ఎనర్జీ: మైక్రోజూల్
ఫ్యాన్: నిమిషానికి చుట్లు
హ్యుమిడిటీ: శాతంలో వెయ్యో వంతు
పీడబ్ల్యుఎం (ఫ్యాను వేగాన్ని నడిపే సంకేతం): 0 నుంచి 255

అన్నీ పూర్ణాంకాలే, దశాంశ చుక్క ఎక్కడా రాదు.

ఫ్యాను. ఫుల్ స్పీడులో 2,960 చుట్లు చూపించింది. ఫ్యాను మీద అతికించిన చీటీలో 1,500 అని ఉంది. ఒక చుట్టుకు రెండు పల్సులు వస్తాయి, నేను ఒకటే అనుకుని లెక్కేశాను. దీనికోసమే ఫ్యాన్1_పల్సెస్ అనే గుణం ఉంది. దాన్ని 2 చేశాక 1,480 వచ్చింది.

వోల్టేజీ. బ్యాటరీని ఛార్జ్ చేసేటప్పుడు 14.4 వోల్టులదాకా పోతుంది కాబట్టి 39 కిలో, 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో విభజించాను. మొదట డ్రైవర్‌లోనే 4.9తో గుణించాను. మీటరు 12.61 చూపిస్తే డ్రైవర్ 12.63 అంది. రెసిస్టర్లు విప్పి కొలిస్తే 38.7, 9.95 వచ్చాయి, నిష్పత్తి 4.889. ఈ అంకెను కెర్నెల్‌లో రాస్తే ఇంకో బోర్డు కట్టినప్పుడు మళ్లీ డ్రైవర్ కంపైల్ చేయాలి. అందుకే రివాజు ప్రకారం డ్రైవర్ పిన్ను దగ్గరి వోల్టేజీనే ఇస్తుంది (నా బోర్డులో 2578 మిల్లీవోల్టులు), బయటి రెసిస్టర్ల లెక్క సెన్సర్స్.డి ఫోల్డరులోని (లిబ్‌సెన్సర్స్ సెట్టింగులు ఉండే చోటు) ఫైలు చూసుకుంటుంది. అందులో కంప్యూట్ వరుసలో రెండు సూత్రాలు రాయాలి: చదివేటప్పుడు 4.889తో గుణింపు, రాసేటప్పుడు భాగహారం. రెండోది ఎందుకంటే, బ్యాటరీ కింది హద్దు 11.5 అని మనం పెడితే చిప్పుకు చేరాల్సింది 2352.

ఈ మార్పుతో పవర్1 ఇరుకున పడింది. ఇన్0కు నిష్పత్తి తెలియదనే డ్రైవర్, పవర్‌కు మాత్రం తెలిసినట్టు ఎలా చూపిస్తుంది? మైక్రోవాట్లకు దిద్దిన మర్నాడే పవర్1ను పూర్తిగా తీసేశాను. కావాల్సినవాళ్లు డ్రైవర్ బయట గుణించుకుంటారు.

పేరుపెట్టే చీటీలకు (లేబుళ్లకు) కూడా ఇదే తర్కం. టెంప్1_లేబుల్‌లో "పెట్టె" అని డ్రైవర్ నుంచే ఇద్దామనుకున్నాను. ఆ ఛానెల్ దేనికి వాడుతున్నారో డ్రైవర్‌కు తెలిసి, బయటి ప్రోగ్రాములకు తెలిసే వీలు లేనప్పుడే లేబుల్ ఫైలు పెట్టాలి. నా ఎన్‌టీసీల తీగలు పొడుగు, రేపు వాటిని ఎక్కడైనా అంటించవచ్చు. లేబుళ్లు కూడా సెన్సర్స్.డికే పోయాయి.

హిస్ట్. అలారం ఎక్కడ ఆగాలో చెప్పే గుణం ఇది. ఇందులో తప్పు పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. పెట్టె హద్దు 50 డిగ్రీలు, అలారం తగ్గడానికి 5 డిగ్రీల తేడా అనుకుని టెంప్1_మ్యాక్స్_హిస్ట్‌లో 5000 రాశాను. మధ్యాహ్నం 50.3 దగ్గర అలారం వచ్చింది. తెల్లవారి నాలుగింటికి పెట్టె 36 డిగ్రీలున్నా అలారం తగ్గలేదు. సెన్సర్స్ వరుసలో హై 50.0, హిస్ట్ 5.0 అని మొదటి రోజు నుంచీ కనబడుతూనే ఉంది, నేనే దాన్ని తేడాగా చదువుకున్నాను. హిస్ట్ అంటే తేడా కాదు, అసలు ఉష్ణోగ్రతే. పెట్టె 5 డిగ్రీలకు దిగితే తప్ప అలారం ఆగదని నేనే చెప్పినట్టయింది. ఇప్పుడు 45000 రాస్తున్నాను. ఫర్మ్‌వేర్ లోపల తేడానే దాచుకుంటుంది. రాసేటప్పుడు మ్యాక్స్ నుంచి తీసేయడం, చదివేటప్పుడు మళ్లీ లెక్కకట్టడం డ్రైవర్ పని.

హద్దుల్లో ఎవరైనా చిప్పుకు పట్టని అంకె రాస్తే ఎర్రర్ ఇవ్వకూడదు, చిప్పు పట్టే చివరి విలువకు కత్తిరించాలి. కత్తిరింపు భాగహారం కంటే ముందే జరగాలి, లేకపోతే పెద్ద అంకె పొంగి రుణ సంఖ్య అవుతుంది. నావి −40000 నుంచి 125000. మోడ్‌ను ఎంచుకునే ఫైళ్లకు ఇది వర్తించదు, అక్కడ తెలియని అంకె వస్తే ఎర్రరే.

లెక్క: 36 గంటలు. కనబడేవి 5/5.

దశ 5: బోర్డు పేరులో అడ్డగీత (మే 14)

ఏ పరికరాలున్నాయో కెర్నెల్‌కు చెప్పే డివైస్ ట్రీలో, డ్రైవర్‌ను ఎంచుకోవడానికి వాడే కంపాటిబుల్ పేరు చివర కావలి-2 అని పెట్టాను. అక్కడ అడ్డగీత రివాజే. కానీ ఐ2సీ వ్యవస్థ కామా ముందున్న తయారీదారు పేరు తీసేసి మిగిలినదాన్ని పరికరానికి పేరుగా ఇస్తుంది. నా డ్రైవర్ దాన్నే హెచ్‌డబ్ల్యుమాన్‌కు అందించింది. కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్‌లో ఆ నేమ్ చెల్లదు, దిద్దమని హెచ్చరిక వచ్చింది.

చిప్పు పేరు ఉండే నేమ్ ఫైలులో అడ్డగీత, నక్షత్రం, ఖాళీ, ట్యాబ్, కొత్త వరుస ఉండకూడదు. ఎందుకో సెన్సర్స్ చూపించే పేరు చూస్తే తెలుస్తుంది: చిప్పు పేరు, బస్సు రకం, బస్సు నంబరు, చిరునామా ఇవన్నీ అడ్డగీతలతోనే అతుక్కుని ఉంటాయి. నా బోర్డు ఇప్పుడు కావలి2-ఐ2సీ-1-42. చిప్పు పేరులోనే అడ్డగీత ఉంటే ఎక్కడ విరవాలో తెలియదు. సెన్సర్స్.డి ఫైళ్లలో నక్షత్రానికి "ఏదైనా సరే" అని అర్థం, కాబట్టి అదీ కుదరదు. రాస్ప్‌బెర్రీ పై సొంత ప్రాసెసర్ వేడి విషయంలోనూ ఇదే జరుగుతుంది. డివైస్ ట్రీలో సీపీయూ-థర్మల్‌గా ఉన్నదాన్ని థర్మల్ కోడ్ అడ్డగీత తీసి కింది గీత పెట్టి హెచ్‌డబ్ల్యుమాన్‌కు ఇస్తుంది. నేను చిప్పు పేరునే కావలి2గా మార్చేశాను.

తర్వాత వచ్చే బోర్డులన్నిటికీ కలిపి కావలిఎక్స్ అని పెడదామన్న ఆలోచనా వచ్చింది. మానుకున్నాను. రేపటి చిప్పు ఈ కుటుంబంలోకి వస్తుందో రాదో ఈ రోజు తెలియదు. కెర్నెల్ అలవాటు వేరు: డ్రైవర్‌కు అది మొదట నడిపిన చిప్పు పేరు, నేమ్ ఫైలులో మాత్రం అక్కడ నిజంగా ఉన్న చిప్పు పేరు. మదర్‌బోర్డు కొలతల చిప్పులకు రాసిన ఎన్‌సీటీ6775 డ్రైవర్ ఎన్‌సీటీ6779 చిప్పును నడుపుతున్నప్పుడు నేమ్‌లో 6779 అనే వస్తుంది. కే10టెంప్ డ్రైవర్ ఏఎండీ 10హెచ్ ప్రాసెసర్ల కుటుంబం కోసం పుట్టి, ఇప్పుడు రైజెన్‌లకూ అదే పేరుతో పనిచేస్తోంది. ఆ పేరును నమ్ముకుని జనం రాసుకున్న సెట్టింగులు ఉన్నాయి, మారిస్తే అన్నీ విరుగుతాయి. అందుకే నంబరున్న పేరు ముందే పెట్టుకోవడం మేలు.

మిగతా పేర్లు: సోర్సు ఫైలు కావలి2.సి, కాన్ఫిగ్ ఆప్షన్ సెన్సర్స్_కావలి2 (హెచ్‌డబ్ల్యుమాన్ డ్రైవర్లలో దాదాపు అన్నిటి ఆప్షన్లకూ ముందు సెన్సర్స్ ఉంటుంది), లోపలి ఫంక్షన్లన్నీ కావలి2_తో మొదలు. నా ఇంటి బోర్డు కాబట్టి కెర్నెల్‌కు పంపను. అయినా గిట్‌లో మార్పుల శీర్షికలు హెచ్‌డబ్ల్యుమాన్, కోలన్, బ్రాకెట్లలో డ్రైవర్ పేరు అనే వరుసలోనే రాస్తున్నాను.

లెక్క: 40 గంటలు. కంపాటిబుల్, నేమ్, ఫైళ్లు కలిపి మారిన పేర్లు 19.

దశ 6: ఫ్యాను ఆగిన మధ్యాహ్నం (మే 16–18)

వేడిని బట్టి ఫ్యాను వేగం మార్చే ఫ్యాన్‌కంట్రోల్ స్క్రిప్టుకు పగ్గాలిచ్చాను. మూడు తప్పులు వరుసగా బయటపడ్డాయి.

మొదటిది పీడబ్ల్యుఎం1. నాలుగు పిన్నుల ఫ్యాన్లకు 25 కిలోహెర్ట్జ్ కావాలి. 8 మెగాహెర్ట్జ్ చిప్పులో టైమర్‌ను 160 దాకా లెక్కించి మళ్లీ దిగేలా పెడితే అది కచ్చితంగా వస్తుంది. ఆ 0–160నే బయటికి చూపించాను. ఫైలు మాత్రం 0–255 అని మాటిస్తోంది. 160 దాటితే అంతా ఫుల్ స్పీడే అయి, స్క్రిప్టు లెక్కంతా వంకరపోయింది. ఇప్పుడు డ్రైవర్ దగ్గరి పూర్ణాంకానికి సవరించి మారుస్తుంది: 128 రాస్తే చిప్పుకు 80 పోతుంది, చదివితే మళ్లీ 128.

రెండోది రీబూట్ తర్వాత. హెచ్‌డబ్ల్యుమాన్2గా ఉన్న బోర్డు హెచ్‌డబ్ల్యుమాన్1 అయింది. పరికరం మారిపోయిందంటూ స్క్రిప్టు మొరాయించింది. అలా మొరాయించడమే మంచిది, ఎందుకంటే ఆ నంబరు మాడ్యూళ్లు (డ్రైవర్ల ఫైళ్లు) లోడయ్యే వరుసను బట్టి వస్తుంది. నంబరును ఎక్కడా రాసిపెట్టుకోవద్దు. నా బూట్ స్క్రిప్టు అన్ని డైరెక్టరీల్లోని నేమ్ ఫైళ్లు చూసి, కావలి2 దొరికిన చోటును బట్టి సెట్టింగులు రాస్తుంది.

మూడోది పీడబ్ల్యుఎం1_ఎనేబుల్. పేరు చూసి 0 అంటే ఫ్యాను ఆపు, 1 అంటే నడుపు అని రాసుకున్నాను. బూట్ అయినప్పుడు విలువ 0. 16న సెట్టింగులు మార్చడానికి ఫ్యాన్‌కంట్రోల్‌ను ఆపి, కింద అన్నం తింటున్నాను. పైకి వెళ్లిన నాన్న కేకేశారు: "ఒరే, ఫ్యాను తిరగట్లేదురా. పెట్టె మీద చెయ్యి పెట్టలేకపోతున్నా." పరుగెత్తి చూస్తే 61 డిగ్రీలు. నలభై నిమిషాల ముందు 44.

స్క్రిప్టు తప్పేమీ లేదు. ఆగేటప్పుడు అది ఎనేబుల్‌ను ముందున్న విలువకు, అంటే 0కు, తిరిగి పెట్టింది. హెచ్‌డబ్ల్యుమాన్‌లో 0కు అర్థం నియంత్రణ లేదు, ఫ్యాను పూర్తి వేగంతో తిరగాలి అని. 1 అంటే చేత్తో, 2 ఆపైన చిప్పు తనంతట తానే. పగ్గాలు వదిలేసినప్పుడు ఫ్యాను ఎటు పోవాలో ఆ ఒక్క అంకెలో రాసి ఉంది, నేను దాన్ని సరిగ్గా తలకిందులు చేశాను. బ్యాటరీ పక్కనే ఉన్న పెట్టెలో ఇది చిన్న తప్పు కాదు.

దిద్దినవి:

1. ఎనేబుల్ 0 అయితే టైమర్ 160 దగ్గర.
2. ఎనేబుల్ 1 అయితేనే పీడబ్ల్యుఎం1 విలువ అమలు.
3. 2, ఆపైన ఏది రాసినా ఎర్రర్, నా చిప్పుకు ఆటోమేటిక్ లేదు కాబట్టి.
4. ప్రో మినీ పవర్ ఎక్కగానే 0 స్థితి, అంటే డ్రైవర్ లోడ్ కాకముందు కూడా ఫ్యాను పూర్తి వేగం.

లెక్క: 49 గంటలు.

దశ 7: తెగిన తీగ (మే 20)

ఎన్‌టీసీ తీగ ఊడితే ఏమవుతుందో చూద్దామని టెంప్1 తీగ పీకాను. ఫర్మ్‌వేర్ "తెగింది" అనడానికి హెక్స్ 8000 పంపుతుంది. డ్రైవర్ దాన్ని మామూలు అంకెగా తీసుకుంది. సెన్సర్స్‌లో −3276.8 డిగ్రీలు. ఫ్యాన్‌కంట్రోల్ పెట్టె చల్లగా ఉందనుకుని ఫ్యానును కనిష్ఠానికి దించింది.

మార్పు: టెంప్1_ఫాల్ట్ చేర్చాను. తీగ తెగితే అది 1, ఆ సమయంలో టెంప్1_ఇన్‌పుట్ చదివితే డేటా లేదనే ఎర్రర్. అలారమ్ అంటే కొలత హద్దు దాటింది, ఫాల్ట్ అంటే కొలతే లేదు. ఈ రెంటినీ ఒకే ఫైలులో కలపకూడదు. లేని కొలతకు అంకె కల్పించకూడదు. పీకేటప్పుడు ఎన్‌టీసీ కాలు విరిగింది, కొత్తది ₹25.

చివరి పరీక్ష, మే 21, మధ్యాహ్నం 2:40. పెట్టె 47.1 డిగ్రీలు, ఫ్యాను 930 చుట్లు, తీగ మళ్లీ పీకాను. సెన్సర్స్‌లో ఆ వరుసలో ఫాల్ట్ అని వచ్చింది. ఫ్యాన్‌కంట్రోల్ ఉష్ణోగ్రత చదవలేకపోయానని రాసి, ఎనేబుల్‌ను 0 చేసి తప్పుకుంది. ఎనిమిది సెకన్లలో ఫ్యాను 1,480కి చేరింది. తీగ లేకుండానే గంటసేపు వదిలేసి, చేతి థర్మామీటరుతో కొలిచాను: 42.8.

మొత్తం లెక్క: 54 గంటలు. ఖర్చు ₹1,305. డ్రైవర్ 318 వరుసలు. కనబడేవి 5/5.